వాషింగ్టన్ ఎవరి ఇంటిపేరు?

రెండేళ్ళ కిందట ఆధునిక ప్రపంచ చరిత్ర పాఠం చెబుతుండగా ఒక ఎం.ఏ. విద్యార్థి లేచి అడిగాడు: 'సార్, జార్జి వాషింగ్టన్, బుకర్ టి. వాషింగ్టన్ చుట్టాలా?' తరగతి అంతా నవ్వింది. ఒకరు అమెరికా తొలి అధ్యక్షుడు, బానిసల యజమాని. మరొకరు బానిసగా పుట్టి విద్యాసంస్థను నిర్మించిన నల్లజాతి నాయకుడు. వీరిద్దరికీ చుట్టరికమేమిటని ఆ నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటిపేరు కలిస్తే వంశం కలుస్తుందేమోనని ఆరా తీయడం మన సమాజం ఆ కుర్రవాడికి ఉగ్గుపాలతో నేర్పిన విద్య. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది ఇంటిపేరే. అద్దెకు గది ఇచ్చే ముందు అడిగేదీ అదే. పరిశోధక విద్యార్థిగా హైదరాబాద్‌లో గది కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక ఇంటి యజమాని నా పేరు ముందున్న పొడి అక్షరాన్ని విడమరిచి చెప్పమన్నాడు. చెప్పాను. అదొక ఊరి పేరు. ఆ ఇంటిపేరు పెత్తందారీ కులంలోనూ ఉంది, దళితులమైన మాలోనూ ఉంది. ఆయనకు ఎటూ తేలలేదు. 'ఇంతకీ మీరేమిటోళ్ళు?' అని నేరుగానే అడిగేశాడు. నేనూ నేరుగానే చెప్పాను. గది అంతకుముందు రోజే ఎవరికో ఇచ్చేశానని అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది.

అందువల్ల విద్యార్థి ప్రశ్నకు 'కాదు' అని ఒక్కమాటలో జవాబు చెప్పి కూర్చోబెట్టలేకపోయాను. మరుసటి తరగతి మొత్తం ఆ ఒక్క ఇంటిపేరు ప్రయాణానికే కేటాయించాను. ఆ రోజు చెప్పినదాన్ని ఇక్కడ కొంత విస్తరించి రాస్తున్నాను. కులాన్ని సమర్థించేవారు ఈ మధ్య ఇంగ్లీషు ఇంటిపేర్లను సాక్ష్యానికి పిలవడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ, కాబట్టి వృత్తిని బట్టి కులం అక్కడా ఉంది, మనల్నే వేలెత్తి చూపడం ఎందుకు అన్నది వారి వాదం. సాక్షిని పిలిచారు కనుక సాక్ష్యం పూర్తిగా వినాలి.

ఇంగ్లండు ఈశాన్య భాగంలో, ఒకప్పటి డర్హమ్ ప్రాంతంలో, నేడు సండర్‌లాండ్ నగర పాలన కిందికి వచ్చే వాషింగ్టన్ అనే ఊరుంది. వాస్సా అనే మనిషి తాలూకు జనం స్థిరపడిన చోటు అని ఆ పేరుకు అర్థం చెబుతారు. చివరనున్న 'టన్' మన ఊళ్ళ చివర వచ్చే పల్లి, పాడు వంటిది. 12వ శతాబ్దంలో హెర్ట్‌బర్న్ అనే చోట భూమి కలిగిన విలియం అనే భూస్వామి ఆ భూమిని డర్హమ్ బిషప్‌కు ఇచ్చి, బదులుగా వెస్సింగ్టన్‌ను పుచ్చుకున్నాడు. ఆ క్షణం వరకూ హెర్ట్‌బర్న్ విలియం అయిన మనిషి అక్కడి నుంచి వెస్సింగ్టన్ విలియం అయ్యాడు. అమెరికా రాజధానికి, ఒక రాష్ట్రానికి, లెక్కలేనన్ని వీధులకు పెట్టుకున్న మహత్తర నామధేయం ఒక భూ మార్పిడితో మొదలైంది. ఆ భూమి నచ్చక విలియం ఇంకో ఊరు పుచ్చుకుని ఉంటే చరిత్రలో మనం చదువుకునే పేరు మరొకటి అయ్యేది.

ఈ మార్పిడి నమోదైన గ్రంథం పేరు బోల్డన్ బుక్. 1183లో డర్హమ్ బిషప్ తన భూముల మీద, తనకు రావలసిన సేవల మీద తీయించిన లెక్క అది. ఏ ఊరి నుంచి ఎంత శిస్తు, ఎన్ని కోళ్ళు, ఎన్ని దినాల వెట్టి రావాలో అందులో రాసిపెట్టారు. భూమి ఉన్న విలియం అందులో పేరుతో ఉన్నాడు. బోల్డన్ అనే గ్రామంలో దున్నేవారి సంగతి చూడండి. 22 మంది వెట్టి రైతులు, ఒక్కొక్కరి సాగులో 30 ఎకరాలు, పండుగ రోజులు మినహా ఏడాది పొడవునా వారానికి మూడు రోజులు బిషప్ పొలంలో పని. వారి సంఖ్య ఉంది, చేయవలసిన చాకిరీ ఉంది, పేర్లు లేవు. ఒకే పుస్తకంలో ఒకరికి ఊరే ఇంటిపేరైంది, ఆ ఊళ్ళు దున్నేవారు అంకెలుగా మిగిలారు. ఆ 22 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన గ్రామాల పాత రికార్డుల్లో 'మాదిగ ఇళ్ళు ఇన్ని' అని ఉండే వాక్యాలు గుర్తొచ్చాయి.

అయితే ఇంగ్లండు కథ అక్కడ ఆగలేదు. తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో సామాన్యులకూ వంశపారంపర్య ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. 1538 నుంచి ప్రతి చర్చిలోనూ జననాలు, పెళ్ళిళ్ళు, చావులు పుస్తకంలోకి ఎక్కించాలన్న ఆజ్ఞ వచ్చింది. వెట్టి రైతు వ్యవస్థ క్రమంగా అంతరించింది. కమ్మరి మనవడు కమ్మరం మానేసినా స్మిత్‌గానే ఉన్నాడు, కానీ స్మిత్ అయినందుకు కొలిమి దగ్గరే ఉండాలని ఏ శాస్త్రమూ శాసించలేదు. స్మిత్ కూతురు టేలర్ కొడుకును పెళ్ళాడితే ఊరు వెలివేయలేదు. వృత్తి పోయింది, పేరు మిగిలింది. మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. మాదిగ యువకుడు చెప్పులు కుట్టడం తాత కాలంలోనే మానేసినా, ఇంజనీరై కంప్యూటర్ ముందు కూర్చున్నా, కులం మాత్రం అతనితోనే లిఫ్టు ఎక్కి ఆఫీసుకు వస్తుంది. 1916లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో పాతికేళ్ళ అంబేడ్కర్ కులానికి ప్రాణం వృత్తిలో లేదని, కులం లోపలే పెళ్ళి చేసుకోవాలన్న కట్టడిలో ఉందని తేల్చాడు. స్మిత్ వాదనకు నూరేళ్ళ కిందటే ఇచ్చిన జవాబది.

ఇంగ్లండు సమానత్వపు స్వర్గమని దీనర్థం కాదు. ఆర్థిక చరిత్రకారుడు గ్రెగరీ క్లార్క్ 2014లో వెలువరించిన తన గ్రంథంలో ఇంగ్లీషు ఇంటిపేర్లను శతాబ్దాల పొడవునా వెంటాడాడు. చేతివృత్తుల పేర్లు మధ్యయుగాంతానికే ఆక్స్‌ఫర్డ్ వంటి చోట్లకు చేరుకున్నాయని చూపాడు. 11వ శతాబ్దంలో దండెత్తి వచ్చిన నార్మన్ ప్రభువుల ఇంటిపేర్లు నేటికీ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో తమ వాటాకు మించి కనిపిస్తున్నాయనీ చూపాడు. ఆస్తి అంత తేలికగా చేయి వదలదు. క్లార్క్ దీనికి వారసత్వంగా వచ్చే సామర్థ్యాన్ని కారణంగా చూపడానికి మొగ్గుతాడు. ఆ మొగ్గు నాకు సమ్మతం కాదు. భూమి, చదువు, పరిచయాలు కలిసి తరతరాలకు చేసే పనిని రక్తానికి అంటగట్టడం మనకు బాగా తెలిసిన పాత పాటే.

తిరిగి వాషింగ్టన్‌ల దగ్గరకు వద్దాం. శాఖలు విడిపోతూ వారు దక్షిణానికి జరిగారు. ఉన్ని వ్యాపారంలో ఎదిగిన లారెన్స్ వాషింగ్టన్ నార్తాంప్టన్ పట్టణానికి మేయరయ్యాడు. ఎనిమిదవ హెన్రీ రాజు క్రైస్తవ మఠాలను రద్దుచేసి వాటి భూములు అమ్మకానికి పెట్టినప్పుడు, 1539లో సుల్‌గ్రేవ్ అనే ఊరి భూమి కొన్నాడు. అదే వంశంలో మరో లారెన్స్ ఎసెక్స్ ప్రాంతంలో చర్చి పూజారి. ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో, 1643లో, సారా దుకాణాల చుట్టూ తిరుగుతున్నాడన్న ఆరోపణ మీద పార్లమెంటు పక్షం వారు ఆయనను పదవి నుంచి తొలగించారు. రాజు పక్షం వహించడమే అసలు నేరమని కొందరంటారు. ఏదైతేనేం, కుటుంబం చితికిపోయింది. ఆయన కొడుకు జాన్ పొగాకు వ్యాపారపు ఓడలో పనికి కుదిరి వర్జీనియా చేరాడు. 1657లో తిరుగు ప్రయాణానికి బయలుదేరిన ఓడ పొటోమాక్ నదిలో ఇసుక మేటకు తగులుకుంది. జాన్ అక్కడే ఆగిపోయి, ఒక భూస్వామి కూతురు ఆన్ పోప్‌ను పెళ్ళాడాడు. మామగారు 700 ఎకరాలు ఇచ్చాడు. ఇంగ్లండులో దివాలా తీసిన ఇంటిపేరు అమెరికా నేల మీద మళ్ళీ భూస్వామి ఇంటిపేరైంది. ఆ 700 ఎకరాలు అంతకుముందు అక్కడి ఆదివాసులవి. కట్నం చిట్టాలో ఆ వివరం ఉండదు.

జాన్ స్థిరపడిన కొద్ది సంవత్సరాలకు, 1662లో, వర్జీనియా చట్టసభ ఒక శాసనం చేసింది. పుట్టిన బిడ్డ స్వతంత్రుడా, బానిసా అన్నది తల్లి స్థితిని బట్టే నిర్ణయమవుతుందని దాని సారాంశం. దీన్ని జాగ్రత్తగా గమనించాలి. ఇంగ్లీషు సంప్రదాయంలో ఇంటిపేరు, ఆస్తి, హోదా తండ్రి నుంచి వస్తాయి. బానిసత్వం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చట్టం ఆ నియమాన్ని తిప్పేసింది. యజమాని ఒక బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డకు యజమాని పేరు రాదు, పొలం రాదు. ఆ బిడ్డే యజమాని ఆస్తిలో కలుస్తుంది. పేరు ప్రవహించే కాలువ ఒకటి, సంకెల ప్రవహించే కాలువ మరొకటి. స్త్రీ శరీరం మీద అదుపు లేకుండా పుట్టుక ఆధారిత అంతస్తులు నిలబడవన్న అంబేడ్కర్ విశ్లేషణకు అట్లాంటిక్ అవతలి నుంచి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

జాన్ మునిమనుమడు జార్జి. తండ్రి చనిపోయిన 1743లో అతనికి 11 ఏళ్ళు, వారసత్వంగా పదిమంది బానిసలు వచ్చారు. 1799లో తాను చనిపోయే సంవత్సరం మౌంట్ వెర్నన్ ఎస్టేటులో 317 మంది బానిసలుండేవారు. అందులో అతనికి స్వంతంగా చెందినవారు 123 మంది. వారిని భార్య మరణానంతరం విడుదల చేయాలని వీలునామా రాశాడు. ఆమె అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న విడుదల చేసింది. భార్య మొదటి భర్త ఎస్టేటుకు చెందిన 153 మందికి ఆ విముక్తి వర్తించలేదు. ఆ రెండు గుంపుల మధ్య పెళ్ళిళ్ళు జరిగి ఉన్నాయి కనుక ఒకే ఇంట్లో భర్త స్వతంత్రుడు, భార్యా పిల్లలు బానిసలు. జార్జికి స్వంత సంతానం లేదు. 'జాతిపిత' పేరును అతని రక్తం నుంచి అందుకున్నవారు ఒక్కరూ లేరు.

మరి పేరు ఎలా సాగింది? నాకు ఇష్టమైన సమాధానం హ్యారీ వాషింగ్టన్. ఆఫ్రికాలోని గాంబియా ప్రాంతంలో పుట్టి, అమ్ముడుపోయి, 1763లో జార్జి వాషింగ్టన్ కొనుగోలు చేసిన బానిస అతడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన 1776లోనే యజమాని నుంచి పారిపోయి, తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ఇస్తామన్న బ్రిటిష్ సేనలో చేరాడు. 1783లో ఓడిన బ్రిటిష్ వారు న్యూయార్కు నుంచి ఓడలెక్కుతూ తమ వెంట తీసుకెళ్తున్న నల్లవారి చిట్టా రాశారు. అందులో అతని పేరు హ్యారీ వాషింగ్టన్, వయసు 43, జనరల్ వాషింగ్టన్ దగ్గర నుంచి ఏడేళ్ళ కిందట వచ్చేసినవాడని నమోదైంది. నాటికి ఆ జనరల్ పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించాలని బ్రిటిష్ సేనాపతిని నిలదీస్తున్నాడు. హ్యారీ కెనడాలోని నోవా స్కోషియాకు, అక్కడి నుంచి 1792లో ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కు చేరాడు. అక్కడ కంపెనీ పాలకులు భూమి మీద విధించిన పన్నుపై 1800లో వలసదారులు తిరగబడ్డారు. హ్యారీ వారితో నిలిచి దేశబహిష్కార శిక్ష అనుభవించాడు. పన్నుకు ఎదురు తిరిగిన వాషింగ్టన్ అని మన పాఠ్యపుస్తకాలు ఒకరినే చెబుతాయి. ఇద్దరున్నారు.

హ్యారీ పేరు పుస్తకానికి ఎక్కడం అరుదైన సంగతి. అమెరికా జనాభా లెక్కల్లో 1850, 1860ల నాటి బానిసల చిట్టాలలో యజమాని పేరు కింద ఒక్కొక్క బానిసకు వయసు, లింగం, రంగు రాశారు. పేరు గడి లేదు. బోల్డన్ బుక్ నాటి 22 మంది ఏడు శతాబ్దాల తర్వాత సముద్రం దాటి వచ్చి కూర్చున్నట్లుంటుంది. బానిసత్వం రద్దయ్యాక, 1870 లెక్కల్లో తొలిసారి విముక్తులందరూ పూర్తి పేర్లతో కనిపిస్తారు. తమ పూర్వీకులను వెదికే నల్లజాతి కుటుంబాలకు చాలాసార్లు 1870 దగ్గర గోడ అడ్డం వస్తుంది.

అప్పుడే వేలాది కుటుంబాలు వాషింగ్టన్ పేరు ఎంచుకున్నాయి. వీరిలో అత్యధికులకు మౌంట్ వెర్నన్‌తో ఏ సంబంధమూ లేదు. 1856లో పుట్టిన బుకర్‌కు తండ్రి ఎవరో తెలియదు, పొరుగు తోటలోని తెల్లవాడని వినికిడి. విముక్తి తర్వాత వెస్ట్ వర్జీనియాలో ఉప్పు బట్టీలో పనిచేస్తూ బడికి వెళ్ళాడు. హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలందరికీ కనీసం రెండేసి పేర్లున్నాయి, తనకు ఒక్కటే ఉంది. తన వంతు వచ్చేసరికి తొణక్కుండా 'బుకర్ వాషింగ్టన్' అని చెప్పేశానని 1901లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. అతని సవతి తండ్రి మొదటి పేరు వాషింగ్టన్. 1895లో అట్లాంటాలో తెల్లవారితో రాజీ ధోరణిలో బుకర్ చేసిన ప్రసంగం పట్ల నాకు డుబోయిస్‌కున్నన్ని అభ్యంతరాలూ ఉన్నాయి. కానీ హాజరు పట్టీ ముందు నిలబడి తనకు తాను ఇంటిపేరు పెట్టుకున్న ఆ బాలుడి ముందు ఆ అభ్యంతరాలను కాసేపు పక్కన పెడతాను. మరో తరంలో మాల్కమ్ లిటిల్ తన ఇంటిపేరు బానిస యజమాని తగిలించినదని కొట్టేసి ఎక్స్ అని రాసుకున్నాడు. ఒకరు తీసుకున్నారు, ఒకరు తిరస్కరించారు. ఇద్దరూ పేరు పెట్టే అధికారం కోసమే పెనుగులాడారు.

2000 జనాభా లెక్కల్లో అమెరికాలో వాషింగ్టన్ ఇంటిపేరున్నవారు 1,63,036 మంది. వారిలో 90 శాతం నల్లజాతీయులు. తొలి అధ్యక్షుడి ఇంటిపేరు నేడు అమెరికాలో నల్లవారి ఇంటిపేరు. ఇది విన్నప్పుడు తరగతిలో కొందరు చప్పట్లు కొట్టారు. అప్పుడే చప్పట్లు వద్దన్నాను. 2004లో ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగోలలో సుమారు 5,000 ఉత్తుత్తి ఉద్యోగ దరఖాస్తులు పంపిన పరిశోధనను ప్రచురించారు. అర్హతల్లో తేడా లేదు, పేర్లలోనే తేడా. తెల్లవారివిగా తోచే పేర్లకు పిలుపులు 50 శాతం ఎక్కువ వచ్చాయి. నల్లవారివిగా తోచే పేర్లకు నమూనాగా వారు చూపినది లకీషా వాషింగ్టన్. అదే ఇంటిపేరు డాలరు నోటు మీది బొమ్మకు గౌరవం, లకీషా దరఖాస్తు మీద అనుమానం. పేరులో ఏముందంటే, చదివేవాడి కళ్ళల్లో ఉన్నదే ఉంది.

మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ఇలాంటి ప్రయోగమే చేసి 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించారు. పత్రికల్లో ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమాన అర్హతలతో, అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. రిజర్వేషన్లు లేనిచోట ప్రతిభే కొలమానమని చెప్పే రంగమిది. తొలి వడపోతలో పేరు, తండ్రి పేరు, ఊరు కనిపించకుండా దరఖాస్తులు పరిశీలించడానికి హైదరాబాద్ కంపెనీలకు పైసా ఖర్చు కాదు. అడిగితే మేము కులం చూడమంటారు. చూడనప్పుడు మూసిపెట్టడానికి ఇబ్బంది ఏమిటి?

తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం వాషింగ్టన్ వంటివే, ఊళ్ళ పేర్లు. అందుకే ఒకే ఇంటిపేరు పలు కులాల్లో ఉంటుంది. ఆ సందిగ్ధం మన సమాజానికి భరించరానిది. కాబట్టి పేరు చివర తోక తగిలించారు. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులనామాలు వదిలేయాలని తీర్మానించాక తమిళనాట ఆ తోకలు చాలావరకు రాలిపోయాయి. మనవి రాలలేదు సరికదా, అమెరికా వెళ్ళాక పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో స్థిరపడి పిల్లలకూ సంక్రమిస్తున్నాయి. అంబేడ్కర్ ఇంటిపేరు కూడా రత్నగిరి ప్రాంతంలోని పూర్వీకుల ఊరు అంబడవే నుంచి బడి రికార్డుల ద్వారా వచ్చినదే. ఆ పేరు నేడు ఒక కుటుంబానిది కాదు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకునే పేటలు నేను చూశాను.

తరగతి ముగిశాక మొదట ప్రశ్న అడిగిన విద్యార్థి నా గదికి వచ్చాడు. తన ఇంటిపేరూ ఊరి పేరేనని చెప్పాడు. ఆ ఊళ్ళో తమకు సెంటు భూమి లేదట. అక్కడ రెండు వందల ఎకరాలున్న దొర కుటుంబానిదీ అదే ఇంటిపేరట. 'వాళ్ళదీ మాదీ ఒకటే సార్, మధ్యలో చెరువుంది' అన్నాడు. ఇంట్లో ఎవరైనా ఆ పేరు ఎప్పుడు వచ్చిందో చెప్పగలరా అని అడిగాను. నాయనమ్మ ఉందని, వేసవి సెలవుల్లో వెళ్ళి కూర్చుని రాసుకుంటానని అన్నాడు. నోట్‌బుక్ కొనుక్కోమన్నాను. మొదటి పేజీలో ఆమె పుట్టింటి పేరు కూడా రాయమని చెప్పాను.